రాజ్యాంగం రాసుకోవాలా, సంప్రదాయం మీద నడవాలా? సిక్కోలు, విజయనగరం వైపు నుంచి ఒక పోలిక

రాజ్యాంగ దినోత్సవం, నవంబరు 26 దగ్గరపడేసరికి మన డిగ్రీ కాలేజీల వక్తృత్వ పోటీల్లో, గ్రూప్స్‌కి చదివే పిల్లల రూముల్లో ఒక వాదన తప్పకుండా వస్తుంది. బ్రిటన్‌కి లిఖిత రాజ్యాంగం లేదు, అయినా అక్కడ ప్రజాస్వామ్యం నడుస్తూనే ఉంది. మనకి 395 అధికరణలతో మొదలైన పుస్తకం ఉంది, అయినా ఎమర్జెన్సీ వచ్చింది. మరి రాసుకుని ఏం సాధించాం? ఏదైనా దేశం ఇవాళ కొత్తగా తేల్చుకోవాల్సి వస్తే రాసుకోమనాలా, వద్దనాలా?

నా మాట ముందే చెప్పేస్తాను. రాసుకోవాలి. ఓట్ల లెక్కలో ఎప్పటికీ గెలవలేని జనం ఉన్న దేశమైతే రాసుకుని తీరాలి. అయితే రాసిన ప్రతి వాక్యం ఒకేలా కాపాడదు. దేన్ని ఎంత గట్టిగా బిగించారన్నదాని మీదే చాలా వరకు ఆధారపడి ఉంటుంది. నేను ఏజెన్సీ భూముల కేసులు చూసే వకీలుని, కాబట్టి నా తూకం అటు మొగ్గుతుంది. అది గుర్తుపెట్టుకుని చదవండి.

## ముందు ఏం చూడాలి

ఒక అపోహ తీసేద్దాం. బ్రిటన్‌లో రాత లేదన్నది నిజం కాదు. 1215 నాటి మాగ్నా కార్టా, 1689 హక్కుల బిల్లు, 1911, 1949 పార్లమెంటు చట్టాలు, 1998 మానవ హక్కుల చట్టం, అన్నీ రాతలో ఉన్నవే. వాటిని ఒక పుస్తకంగా కూర్చలేదు, మామూలు చట్టాల కన్నా పైమెట్టు మీద పెట్టలేదు. ఈ రెండో సంగతే ముఖ్యం. పైమెట్టు మీద లేనిదాన్ని రేపు వచ్చే పార్లమెంటు మామూలు మెజారిటీతో తీసేయగలదు.

అందుకే ఏ పద్ధతినైనా తూచేటప్పుడు నేను ఈ ప్రశ్నలు వేసుకుంటాను. మెజారిటీ ఉన్న ప్రభుత్వం కూడా చేయలేని పని ఏదైనా ఉందా? అవసరం వస్తే మార్చుకోవడం ఎంత కష్టం? తగువు వస్తే చివరి మాట కోర్టుదా, పార్లమెంటుదా? దేశంలో ఒకే ప్రభుత్వం ఉందా, రాష్ట్రాలు కూడా ఉన్నాయా? ఇక ఆఖరుది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది: మామూలు మనిషి చేతికి ఏ కాగితం అందుతుంది?

| చూడాల్సినది | గట్టిగా బిగించిన గ్రంథం (అమెరికా) | సవరణకు కాస్త వీలున్న గ్రంథం (భారత్) | విడి చట్టాలు, సంప్రదాయాలు (బ్రిటన్, న్యూజిలాండ్) | వాయిదాల్లో రాత (ఇజ్రాయెల్) |
|---|---|---|---|---|
| మెజారిటీకి అడ్డుకట్ట | చాలా గట్టిది | గట్టిదే, కొన్నిచోట్ల వదులు | మర్యాద, ప్రజాభిప్రాయం | కోర్టు మీద ఆధారపడింది |
| మార్చడం | 50లో 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి | మూడింట రెండొంతులు. కొన్నిటికి సగం రాష్ట్రాలు కూడా | చాలావాటికి సాధారణ మెజారిటీ | చాలావాటికి సాధారణ మెజారిటీ |
| చివరి మాట | కోర్టు | కోర్టు, కొంతమేరకు పార్లమెంటు | పార్లమెంటు | ఇంకా తేలని తగువు |
| రాష్ట్రాల హద్దులు | రాష్ట్రం ఒప్పుకోకుండా మార్చలేరు | పార్లమెంటు మార్చగలదు | ప్రశ్న వేరు | ప్రశ్న లేదు |

## విడి చట్టాలు, సంప్రదాయాలు: బ్రిటన్, న్యూజిలాండ్

ఈ పద్ధతిలో సుఖం ఉంది, కాదనను. న్యూజిలాండ్ 1950లో ఎగువసభ అనవసరమనుకుని రద్దు చేసేసింది. 1993 రెఫరెండంతో ఎన్నికల పద్ధతినే మార్చుకుని 1996లో కొత్త పద్ధతిలో ఓటేసింది. దేశం అల్లకల్లోలం కాలేదు. జనాభా తక్కువ, ప్రభుత్వం ఒకటే, ప్రతిపక్షం మీద కనీస నమ్మకం ఉంది. అలాంటి చోట ఈ వీలు నిజంగా వరమే.

కానీ సంప్రదాయం అన్నదమ్ముల నోటి పంపకం లాంటిది. ఇద్దరి మధ్యా పొత్తు ఉన్నంతకాలం గట్టు ఎక్కడుందో అందరికీ తెలుసు. పొత్తు చెడిన రోజు గట్టు ఎవరికి బలముంటే అటు జరుగుతుంది. బ్రిటన్‌లో 2019లో అలాంటి రోజు వచ్చింది. బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగడం మీద చర్చ వేడిగా ఉన్నప్పుడే ప్రధాని బోరిస్ జాన్సన్ సలహాతో పార్లమెంటును ఐదు వారాల పాటు ప్రొరోగ్ చేశారు, అంటే సమావేశాలు ఆపేశారు. అది చెల్లదని సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. ఆ గండం గడిచింది. కానీ దేశ ప్రధాని పార్లమెంటుకు తాళం వేయొచ్చా అన్నది కోర్టు చెప్పేదాకా ఎవరికీ కచ్చితంగా తెలియలేదు.

స్కాట్లాండ్ సంగతి ఇంకా మనకు దగ్గరగా ఉంటుంది. స్కాట్లాండ్ అధికారాలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల పార్లమెంటు ఒప్పుకోలు లేకుండా సాధారణంగా చట్టం చేయబోమన్న సంప్రదాయాన్ని లండన్ 2016 చట్టంలో రాసింది కూడా. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఏమంది? అది రాజకీయ కట్టుబాటే, కోర్టు అమలు చేయించేది కాదంది. 2020లో స్కాట్లాండ్ ఒప్పుకోకపోయినా యూరప్ నుంచి వైదొలగే ఒప్పంద చట్టం పాసైపోయింది.

ఇక అడవి, కొండ, సముద్రం నమ్ముకుని బతికే జనానికి ఈ పద్ధతి ఏం చేస్తుందో న్యూజిలాండ్‌లోనే చూడాలి. 2003లో అక్కడి అప్పీలు కోర్టు ఒక తీర్పిచ్చింది: తీరంలో, సముద్రపు అడుగున తమకు ఆచార హక్కులున్నాయని అక్కడి మూలవాసులైన మావోరీలు భూమి కోర్టుకు వెళ్లి అడగొచ్చు. అడిగే దారి మాత్రమే తెరిచింది, భూమి ఇచ్చేయలేదు. 2004లో పార్లమెంటు మామూలు చట్టం చేసి ఆ తీరాన్ని ప్రభుత్వపరం చేసేసింది. మావోరీలు పెద్ద ఎత్తున ఊరేగింపుగా రాజధానికి వెళ్లి నిరసన చెప్పినా చట్టం ఆగలేదు. 2011లో దాన్ని మార్చి వేరే చట్టం తెచ్చారు గానీ, అది కూడా పార్లమెంటు దయే. గెలిచిన కేసు నిలబడుతుందన్న హామీ ఆ వ్యవస్థలో లేదు.

## సవరణకు వీలున్న గ్రంథం: మన పద్ధతి

పై కథకి పక్కన సమత అనే సంస్థ వేసిన కేసులో వచ్చిన తీర్పు పెట్టి చూడండి. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల గిరిజన ప్రాంతపు ప్రభుత్వ భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకిచ్చారు. 1997లో సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు ఇవ్వకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని చెప్పింది. ఈ తీర్పు నచ్చని వాళ్లు తక్కువేం కాదు. అయినా అది ఇప్పటికీ నిలబడే ఉంది. న్యూజిలాండ్‌లో ఏడాది తిరిగేసరికి పోయిన రక్షణ, మన కొండల్లో పాతికేళ్లు దాటినా ఉంది.

దీని మూలం ఎక్కడో ఒకసారి దగ్గరగా చూపిస్తాను. సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక సవర పెద్దాయన ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాడు. ఆధార్ జిరాక్సు, పాత శిస్తు రసీదు, అటవీ హక్కుల పట్టా, మడతల దగ్గర చిరిగిపోయిన ఒక తెల్లకాగితం. ఆ తెల్లకాగితం మీద పల్లపు ఊరి షావుకారుకి జీడితోట తాకట్టు పెట్టిన రాత. "1/70 ఉంది కదా బాబూ, మరి ఈ కాయితం చెల్లుతాదా?" అని అడిగాడు. రాజ్యాంగం అన్న మాట ఆయన నోట రాలేదు. అడిగింది మాత్రం రాజ్యాంగం గురించే.

ఎలాగంటే, 1/70 అని మనమంతా పిలిచేది 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్‌కి 1970లో వచ్చిన సవరణ. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడికి అమ్మినా, తాకట్టు పెట్టినా, లీజుకిచ్చినా చెల్లదు. ఇద్దరు గిరిజనేతరుల మధ్య అమ్మకం కూడా చెల్లదు. 1967లో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు తూటాలకు బలైన తర్వాత శ్రీకాకుళం కొండలు ఎలా రగిలాయో ఇక్కడ పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ వేడిలోనే ఈ సవరణ వచ్చింది. దాన్ని చేసే అధికారం గవర్నరుకి రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల పాలన గురించిన ఐదో షెడ్యూలు ఇచ్చింది. 1988లో సుప్రీంకోర్టు కూడా అది సరైనదేనంది. సీతంపేట కొండ మీద పెద్దాయన నోటికి వచ్చిన ఆ రెండు అంకెల వెనక ఇంత వరస ఉంది. ఆయన తాకట్టు చెల్లదని చెప్పడానికి నాకు ఒక నిమిషం పట్టింది. ఆ రెగ్యులేషన్ కింద ఎల్టీఆర్ (భూ బదలాయింపు) కేసు వేసి భూమి చేతికి రప్పించడం వేరే పని, దానికి ఏళ్లు పడతాయి. రాత ఉన్నంత మాత్రాన దారి పొట్టిదైపోదు. కానీ నడవడానికంటూ ఒక దారి ఉంటుంది.

ఇదే రాత ఇచ్చినదాన్ని తీసుకోగలదు కూడా. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నెంబర్ 3 ఎంతమంది పిల్లలను డీఎడ్, బీఎడ్ వైపు నడిపించిందో సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలో చూశాం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని, గవర్నరు అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోకూడదని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని కదపలేదు, అంతే. సవర, జాతాపు భాష తెలియని టీచరు బడికి వస్తే ఒకటో తరగతి పిల్లకి ఏమవుతుందో ఆ తీర్పు తగినంత తూచలేదని నేను గట్టిగా నమ్ముతాను. చివరి మాట కోర్టుకి ఇచ్చే దేశం ఇలాంటి రోజులకు కూడా సిద్ధపడాలి.

ఇంకొకటి. ఐదో షెడ్యూలు రాజ్యాంగంలో ఉంది కాబట్టి రాయిలా స్థిరమనుకుంటారు. దాని 7వ పేరా తెరిచి చదవండి. పార్లమెంటు మామూలు చట్టంతో ఈ షెడ్యూలును మార్చవచ్చు, అది రాజ్యాంగ సవరణగా లెక్కకు రాదు అని అందులోనే ఉంది. అంటే మనకి ఇంత అండగా ఉన్న ఈ రక్షణకి మూడింట రెండొంతుల తాళం లేదు.

రాష్ట్రాల హద్దులదీ ఇదే కథ. మూడో అధికరణ ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోలు అక్కర్లేదు. 2014 జనవరి 30న మన శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని పాస్ చేసింది. స్కాట్లాండ్‌కి రాత లేక జరిగింది, మనకి రాత ఉండీ జరిగింది. ఆ రాతలో అడగాలి అని మాత్రమే ఉంది కాబట్టి.

అయినా రాతకీ నోటిమాటకీ తేడా తెలియాలంటే ఆ విభజన దగ్గరే ఇంకొంచెం ఆగాలి. ప్రత్యేక హోదా 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ నోట వచ్చిన హామీ. విభజన చట్టంలో అది లేదు. గిరిజన విశ్వవిద్యాలయం 13వ షెడ్యూల్లో రాసి ఉంది. హోదా రాలేదు. విశ్వవిద్యాలయం ఆలస్యంగానైనా 2019లో చట్టం అయి విజయనగరంలో తరగతులు నడుపుతోంది. కొత్త రైల్వే జోన్ విషయంలో ఆ చట్టం ఏమంది? ఆరు నెలల్లో పరిశీలించి త్వరగా నిర్ణయం తీసుకోవాలంది. ఇవ్వాలి అనలేదు. ప్రకటన రావడానికి 2019 ఫిబ్రవరి దాకా పట్టింది. నోటిమాట, వదులు రాత, గట్టి రాత: మూడూ ఒకే సంఘటనలో మన కళ్లముందే ఉన్నాయి.

మార్చుకునే వీలు చెడ్డదేం కాదు. జమీందారీల కింద నలిగిన నేల మనది. విజయనగరం, బొబ్బిలి ఎస్టేట్లు 1948 మద్రాసు చట్టంతో పోయాయి. బీహార్ జమీందారీ రద్దు చట్టాన్ని 1951లో పాట్నా హైకోర్టు కొట్టేసినప్పుడు, అదే ఏడాది మొదటి సవరణ తెచ్చి ఇలాంటి చట్టాలన్నిటినీ కాపాడుకున్నారు. అమెరికా అంత బిగువు ఉండుంటే రైతులు ఎన్నేళ్లు ఆగాల్సి వచ్చేదో. 2023 నాటికి మన సవరణలు 106. ఎక్కువేనంటారు. నాకు ఆ అంకెతో పేచీ లేదు. 1973లో కేశవానంద భారతి కేసులో 7-6 తేడాతో, ఏ సవరణా రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని తాకకూడదన్న గీతను సుప్రీంకోర్టు గీసింది కాబట్టి అడుగు గట్టిగానే ఉంది.

## గట్టిగా బిగించినది, వాయిదాల్లో రాసినది

అమెరికా 1787లో రాసుకుంది, ఇప్పటిదాకా సవరణలు 27. స్త్రీపురుష సమాన హక్కుల సవరణ 1972లో కాంగ్రెస్ దాటింది, గడువులోగా 38 రాష్ట్రాల మద్దతు దొరకలేదు. తాతలు రాసింది మంచిదైతే ఈ బిగువు కాపాడుతుంది, లోపమున్నదైతే మనవల మెడకి చుట్టుకుంటుంది. నేను ఎవరికీ ఇది సలహా ఇవ్వను.

ఇజ్రాయెల్ 1948లోనే రాజ్యాంగం రాస్తామంది. రాయలేక 1950లో వాయిదాల దారి పట్టింది. ఒక్కో మౌలిక చట్టాన్నీ అధ్యాయంలా చేసుకుంటూ పోవాలన్నది ఆలోచన. తొందరపడి తగువులాడుకోకుండా ఉండటానికి ఇది తెలివైన పనే అనిపిస్తుంది. చిక్కేమిటంటే, కోర్టుకి మౌలిక చట్టాన్నే కొట్టేసే అధికారం ఉందో లేదో ఎక్కడా రాయలేదు. 2023 జులైలో పార్లమెంటు కోర్టు అధికారాన్ని కత్తిరించింది. 2024 జనవరి 1న కోర్టు 8-7తో ఆ కత్తిరింపునే కొట్టేసింది. ఈ తగువు మీద 2023లో నెలల తరబడి నిరసనలతో వీధులు నిండిపోయాయి. ముఖ్యమైన పేజీని చివరికి వదిలేస్తే ఇదే టెన్షన్.

## కాగితం కాపాడని రోజులు

రాతకు వ్యతిరేకంగా ఉన్న బలమైన వాదన ఇదే, దీన్ని దాటవేయకూడదు. జర్మనీ 1919 రాజ్యాంగం హక్కులతో నిండి ఉంది. దాని 48వ అధికరణలోని అత్యవసర అధికారం ఆ హక్కులను మింగేసింది. 1936 సోవియట్ రాజ్యాంగంలో వాక్‌స్వాతంత్ర్యం ఉంది, అడిగే కోర్టు లేదు. మన దగ్గర 1975 జూన్ 25 నుంచి 21 నెలల ఎమర్జెన్సీ. జైల్లో పెట్టినవాడు కోర్టుకి వెళ్లే హక్కు కూడా అప్పుడు లేదని 1976లో సుప్రీంకోర్టు 4-1తో తేల్చింది. ఒప్పుకోనిది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే.

కానీ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. 1978లో 44వ సవరణతో ప్రాణ, స్వేచ్ఛల హక్కును ఎమర్జెన్సీలోనూ ఆపకూడదని రాశారు. జర్మనీ 1949లో రాసుకున్నప్పుడు మనిషి గౌరవాన్ని ఏ మెజారిటీ కూడా తీసేయలేని చోట పెట్టింది. దెబ్బ తిన్న చోట కట్టు కట్టడానికి పుస్తకం ఉంది కాబట్టే అది కుదిరింది.

## ఎవరికి ఏది

చిన్న దేశం, ఒకటే ప్రభుత్వం, చాలాకాలంగా అధికారం శాంతిగా చేతులు మారుతోంది: అక్కడ విడి చట్టాలతో నడవొచ్చు. అయినా మూలవాసుల భూమి, భాష, ఓటుహక్కు మాత్రం విడిగా తీసి తాళం వేయాలి.

రాష్ట్రాలున్న దేశానికి రాత తప్పదు. వంశధార మీద మనకీ ఒడిశాకీ ఉన్న తగువు చూడండి. 262వ అధికరణ, 1956 చట్టం ఉన్నాయి కాబట్టి ట్రిబ్యునల్ వచ్చింది, 2017 సెప్టెంబరులో నేరడి బ్యారేజీకి అనుమతి ఇచ్చింది. ఇప్పటికీ నీళ్లు పారలేదని హిరమండలం రైతు అడిగితే ఆయన బాధ న్యాయమే. కానీ రెండు రాష్ట్రాలు కూర్చునే బల్ల ఆ రాతే వేసింది.

యుద్ధం నుంచో రాచరికం నుంచో బయటపడిన దేశం రాసుకోవాలి, కానీ రాయడమే కొత్త తగువు అవుతుందని తెలిసి దిగాలి. నేపాల్ 2008లో మొదలుపెట్టి, ఒక సభ విఫలమై, రెండో సభతో 2015 సెప్టెంబరులో ముగించింది. అదీ తరాయిలో మధేశీల నిరసనల మధ్య. మన రాజ్యాంగ సభకి 2 ఏళ్ల 11 నెలల 18 రోజులు పట్టిందని బడిలో బట్టీ పడతాం. అది ఆలస్యం కాదు, చాలా వేగం.

పరీక్ష కోసం చదివే పిల్లలకి ఒక మాట. బ్రిటన్ అలిఖితం, భారత్ లిఖితం అని రెండు గడులు గీసి ఆగిపోకండి. లిఖిత రాజ్యాంగంలోనే ఏ భాగం సాధారణ మెజారిటీతో మారుతుంది, ఏది మారదు అన్నది రాయండి. మార్కుల కోసమే కాదు, ఓటరుగా మీకు పనికొచ్చే తెలివి అదే.

ఇక కొత్తగా రాసే దేశం ఎవరైనా నన్ను అడిగితే, మన పుస్తకాన్నే నమూనాగా పెట్టుకోమంటాను, రెండు మార్పులతో. రాష్ట్రం హద్దు మార్చేటప్పుడు ఆ శాసనసభ ఒప్పుకోలు, లేదా అక్కడి జనం ఓటు తప్పనిసరి చేయాలి. కొండ జనం భూమి గురించిన అధ్యాయాన్ని మూడింట రెండొంతులతో పాటు ఆ ప్రాంతపు ప్రతినిధుల సమ్మతి కూడా లేకుండా తాకడానికి వీల్లేకుండా బిగించాలి. మన దగ్గరైతే దానికి కొత్త రాజ్యాంగం అక్కర్లేదు. ఐదో షెడ్యూలు 7వ పేరా మార్చే ఒక్క సవరణ చాలు. పార్వతీపురం, పాలకొండ, అరకు వైపు ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ ఆ పేరా గురించి అడగండి.